రాయి నిలబెట్టని ఊరు

సున్నపు గీత మంగల్ గుండెల మీదుగా పోయింది.

మంగల్ చచ్చిపోయి చాలా ఏళ్లయింది. పాత రంపపు మిల్లు ఆవరణలో, బాయిలర్ షెడ్డు వెనక, కూలిన గోడ పక్కన అతన్ని పాతిపెట్టారు. పైన గుర్తేమీ లేదు. గడ్డి మొలిచిన ఆ కాస్త నేల ఎవరిదో అతని భార్య దేవేకి తెలుసు, మిల్లులో గుడిసెలు వేసుకున్న వాళ్లందరికీ తెలుసు. మూడు కాళ్ల మిషనుతో జీపు దిగిన సర్వే వాళ్లకు మాత్రం తెలియదు. వాళ్లలో ఒకడు ఒక చేత్తో ఫోను మాట్లాడుకుంటూ, ఇంకో చేత్తో సున్నం పోసుకుంటూ, తల దగ్గర్నుంచి కాళ్ల దాకా తెల్లగా గీసుకుంటూ వెళ్లిపోయాడు.

దేవే అప్పుడే బస్టాండు పక్క హోటలుకు నీళ్లు పోసి ఖాళీ బిందెలతో వస్తోంది. బిందెలు కింద పడేసి పరుగెత్తింది.

"ఓ సారూ, ఆగు! ఆడ గియ్యకు. ఆడ మా మనిషున్నడు."

"ఎక్కడ?" వాడు హిందీలో అడిగాడు.

"కింద."

వాడు కిందికి చూశాడు. దేవే మొహంలోకి చూశాడు. పక్కవాడితో ఏదో అని నవ్వి, ఫోను మళ్లీ చెవికి ఆనించుకున్నాడు.

దేవేకి ఇంట్లో దోర్లీ, బజార్లో తెలుగు, సంతలో హిందీ వచ్చు. ఆఫీసు హిందీ రాదు. అందుకని జీపు దగ్గర నిలబడ్డ సత్యమూర్తి కల్పించుకున్నాడు. సత్యమూర్తి తండ్రి రాజమండ్రి వైపు నుంచి ఈ మిల్లులో గుమాస్తాగా వచ్చాడు. అడవి కొట్టడం ఆపేశాక మిల్లు మూతబడితే, కొడుకు దాని ఇనుమంతా ఊడదీసి అమ్మే కాంట్రాక్టు పట్టాడు. ఆ ఇనుము ఊడదీస్తుంటేనే గోడ కూలి మంగల్ చచ్చాడు. గోడ కూలడం దైవికం అన్నాడు సత్యమూర్తి అప్పట్లో. ఇనుము లారీలు వెళ్లిపోయాయి, మంగల్ ఉండిపోయాడు.

"కంగారు పడకే దేవే," అన్నాడు ఇప్పుడు. "మన తునికిగూడ పట్నం బాగుపడబోతోంది. ఈ సాబ్ రాయపూర్ నుంచి అందుకే వచ్చారు."

రాయపూర్ సాబ్ పేరు రాజ్‌కుమార్. కుర్రవాడు, మర్యాదస్తుడు. అతను చెడ్డవాడై ఉంటే బాగుండేది, నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకునేవాళ్లు. అతను దేవేకి కూడా ఓపిగ్గా చెప్పాడు, సత్యమూర్తి తెలుగు చేశాడు. హైవే పట్టుకుని పట్నం పొడుగ్గా సాగిపోతోంది, వరి మళ్లను తింటోంది, అడవిని తింటోంది. అలా సాగనివ్వకూడదు. పట్నం నడిబొడ్డున ఇంత పాత మిల్లు జాగా వృథాగా పడి ఉంది. ఇళ్లు, బజారు, ఆఫీసులు అన్నీ ఇందులోకే తెస్తే జనం కాలినడకనే అన్ని పనులూ చూసుకోవచ్చు. పొలాలు పొలాలుగానే ఉంటాయి.

ఈ మాటల్లో ఒక్కటీ తప్పు లేదు. తప్పల్లా, అతను చెప్పిన ఆ పట్నంలో దేవే ఎక్కడుంటుందో ఎవరూ అనుకోకపోవడమే.

"మరి మేం?" అంది దేవే.

"ఇది ఖాళీ జమీన్ కదా," అన్నాడు రాజ్‌కుమార్. వెనక గుడిసెల్లో పొయ్యిలు పొగలు కక్కుతున్నాయి.

దేవే వాళ్లది అసలు ఊసెవాడ. కొండల అవతల, సబరి నదిలో కలిసే ఒక వాగు ఒడ్డున ఉండేది. తుపాకుల గొడవల్లో ఊళ్లు తగలబడ్డ ఏడాది వాళ్లను లారీల్లో ఎక్కించి తెచ్చి ఈ మిల్లులో దింపారు. గొడవలు సద్దుమణిగే దాకా నాలుగు రోజులుండండి అన్నారు. ఆ నాలుగు రోజుల్లో దేవే ఒక కూతుర్ని కంది, మొగుణ్ని పాతిపెట్టింది, జుట్టు నెరిపించుకుంది. కూతురు ఊర్మిల ఇప్పుడు సుక్మాలో కాలేజీ చదువుతోంది.

ఇన్నేళ్లలో ఊసెవాడ వాళ్లు ఇక్కడ ఒక్క మామిడి మొక్క నాటలేదు. నాటితే కాపు దాకా ఉండాలి కదా. మట్టిగోడ లేపలేదు. వెదురు తడికెలు, పైన ప్లాస్టిక్ పట్టాలు, అంతే. ఊరి తల్లికి ఇంత గద్దె కట్టలేదు. చచ్చినవాళ్లకు రాయి నిలబెట్టలేదు.

వాళ్లలో మనిషి పోతే పాతిపెట్టడంతో పని అయిపోదు. కులమంతా కూడి, డోలు కొట్టి, నిలువెత్తు రాయిని ఈడ్చుకొచ్చి ఊరి దారి పక్కన నిలబెట్టాలి. అప్పుడే పోయినవాడు పెద్దల్లో కలుస్తాడు. అప్పటిదాకా ఊరి బయట తిరుగుతూ ఉంటాడు. రాయి ఎక్కడ నిలిస్తే ఊరు అక్కడ. అందుకే మిల్లులో ఎవరు చచ్చినా, పాతిన చోటు నుంచి పిడికెడంత రాయి ఒకటి ఏరి, ఇంట్లో దూలానికి వేలాడే బుట్టలో వేసి ఉంచేవాళ్లు. తిరిగి వెళ్లిన రోజు ఆ బుట్ట పట్టుకెళ్లి, ఊసెవాడ మట్టిలో పెద్ద రాయి కింద పెట్టాలని. గుడిసె గుడిసెకీ ఒక బుట్ట ఉంది. కొన్ని బుట్టలు బరువుకు కిందికి సాగాయి కూడా.

ఒకసారి ఒక పెద్ద ఆఫీసరు వచ్చి, మీకు ఇక్కడే ఇళ్ల పట్టాలిస్తాం, వేలిముద్రలు వేయండి అన్నాడు. ఊరి పెద్ద ఇర్మా లేచి నిలబడ్డాడు. మంగల్‌కు చిన్నాన్న అతను.

"ఈడ పట్టా తీస్కుంటే ఊసెవాడ ఎవనికి రాసిచ్చినట్టు?" అన్నాడు. "మాకొద్దు. మేం పొయ్యేటోళ్లం."

అందరూ అవునన్నారు, దేవే అందరికంటే గట్టిగా అంది. ఆఫీసరు నవ్వుకుంటూ జీపెక్కాడు. ఎవరైనా ఉచితంగా వచ్చే పట్టాను వద్దంటారా? ఊసెవాడ వాళ్లన్నారు. సొంత ఊరి మీద అంత నమ్మకం పెట్టుకున్న జనాన్ని ఏ చట్టం కాపాడుతుందో చెప్పగల వకీలు ఇంకా పుట్టలేదు.

సంత రోజున మిల్లు గేటు ముందు షామియానా వేసి సభ పెట్టారు. తెర మీద బొమ్మలు చూపించారు. ఎత్తు మేడలు, మేడల మధ్య పచ్చ గడ్డి, గడ్డి మీద తెల్లటి పిల్లలు. దేవే ఆ బొమ్మలో బాయిలర్ షెడ్డు కోసం వెతికింది. షెడ్డు ఉన్న చోట సైకిళ్లు నిలబెట్టే జాగా ఉంది.

వ్యాపారులు చప్పట్లు కొట్టారు. అది దేవేకి బాధ అనిపించలేదు, వాళ్లెప్పుడూ కొడతారు. కానీ ఆ తర్వాత గంగారత్నం లేచింది. దేవే నీళ్లు పోసే హోటలు ఆమెదే. మొగుడు పోయాక ఇడ్లీలు అమ్మి పట్నం చివర ఒక ముక్క వరి మడి కొనుక్కుంది. ఆ మడి ఎప్పుడు రోడ్డులో పోతుందోనని ఆమెకు నిద్ర పట్టదు.

"నేను దాపరికం లేకుండా చెబుతున్నా," అంది గంగారత్నం, దేవే వైపు చూడకుండా. "పట్నం ఇటు రాకపోతే మా మళ్ల మీద పడుద్ది. నాకున్నది ఆ ముక్కే. ఈళ్లు పాపం మంచోళ్లే. కానీ ఈళ్లకి సొంతూరుంది. ఎల్లిపోతామని ఈళ్లే అంటారు కదండీ, ఎప్పుడూ!"

"అమ్మా, నువ్వు గూడనా!" అంది దేవే.

ఊర్మిల మైకు దగ్గరికి నడిచింది. కాలేజీ సెలవు పెట్టి వచ్చింది పిల్ల. "మా ఊరు చూసొచ్చినం మేం. మొన్న ఎండాకాలం పోయినం. మా చేన్ల మీద కంచె ఉంది, కంచెలో క్యాంపుంది. తుపాకి పట్టుకున్న జవాను మీరెవరని అడిగిండు. మాది ఈ ఊరే అన్నం. ఈడ ఊరేం లేదన్నడు. ఆడ ఊరు లేదంటరు, ఈడ మనుషులు లేరంటరు. మరి మేం ఏడున్నం సాబ్? గాలిలున్నమా?"

జనంలోంచి అరుపులు లేచాయి. లారీల దగ్గర మూటలు మోసే ఊసెవాడ హమాలీలు బెంచీలు చరిచారు. రాజ్‌కుమార్ చెయ్యెత్తి, ఆగమని, నెమ్మదిగా అడిగాడు. "అర్హత ఉన్నవాళ్లకు ఫ్లాట్లిస్తాం. ఇది మీ బస్తీ అంటున్నారు. సబూత్, రుజువు చూపించండి. పట్టా వద్దు, ఇంకేదైనా సరే. మీరు నాటిన చెట్టు? కట్టిన గుడి? శ్మశానం? ఒక్క గుర్తు?"

ఊసెవాడ జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇర్మా తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. సభ అక్కడితో అయిపోయింది.

ఆ సాయంత్రం బాయిలర్ షెడ్డు కింద వాళ్ల సొంత సభ జరిగింది. ఇంత గొంతులు చించుకుని వాళ్లెప్పుడూ కొట్లాడుకోలేదు.

"గుర్తడిగిండు గదా, చూపిద్దాం," అంది ఊర్మిల. "రాళ్లు నిలబెడదాం. చచ్చినోళ్లందరికీ."

"నోర్మూస్కో!" ఇర్మా చేతికర్ర నేలకేసి కొట్టాడు. "రాయి నిలబెడితే ఊరైతది. ఈడ ఊరైతే ఆడ ఊరు పోయినట్టే. గది మీ కాలేజీల చెప్పలేదా?"

"ఆడ ఊరు లేదు తాతా. కంచె చూసిన నేను."

"నువ్వు కంచెను చూసినవ్. ఊరు కంచె కింద ఉంటది. కంచె ఎన్నేండ్లుంటది? తుప్పు పట్టదా?"

"అప్పటిదాకా ఈ పిల్లలు ఏడ పండాలె పెద్దయ్యా?" ఒక హమాలీ లేచాడు. "హైవే మీదనా?"

"ఆనాడు పట్టా తీస్కుంటే ఈ తిప్పలుండేవా?" ఇంకొకామె ఏడుస్తూ అంది. "నువ్వే వద్దంటివి!"

ఆ మాట ఇర్మాకు ఎక్కడో తగిలింది. అతను దేవే వైపు తిరిగాడు. "కోడలా, నువ్వు చెప్పు. నా అన్న కొడుకును ఈ మిల్లు తిన్నది. ఈ మిల్లుకే వాన్ని ఇస్తవా?"

అందరూ దేవేను చూశారు. దేవేకి ఊసెవాడ కళ్లలో మెదిలింది. వాగు, వాగు పక్క ఇప్పచెట్లు, మంగల్ తండ్రి రాయి, దాని పక్కన మంగల్ కోసం ఉంచిన ఖాళీ చోటు. నిన్ను అక్కడికి తీసుకుపోతానని పాతిపెట్టిన రోజు మొగుడికి మాటిచ్చింది. ఆ మాట మీదే ఇన్నేళ్లూ బతికింది. ఇప్పుడు రాయి నిలబెడితే ఆ మాట పోతుంది. నిలబెట్టకపోతే అతని మీద సైకిళ్లు నిలబెడతారు. ఏ మనిషికీ రాకూడని కష్టం ఇది, ఆడదానికి వచ్చింది, అందులోనూ నీళ్లు మోసే ఆడదానికి.

"మామా," అంది చివరికి. "చచ్చినోన్ని గూడ ఇంకెన్నాళ్లు బయట తిప్పుత? అలిసిపోయిండు. నేను గూడ అలిసిన."

ఇర్మా లేచాడు. కర్ర పట్టుకుని తన గుడిసెలోకి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఊరంతా సబరి ఒడ్డుకు కదిలింది. హమాలీలు లారీలు కట్టే మోకులు తెచ్చారు. ఊర్మిల వెంట కాలేజీ పిల్లలు వచ్చారు. ఒక్కో రాయికీ అడుగున దుంగలు పరిచి, మోకులు కట్టి, ఆడా మగా పట్టి లాగారు. ఎప్పుడో విడిచిన పని అయినా చేతులు మర్చిపోలేదు. డోలు మోగింది. ముసలివాళ్లు పాట ఎత్తుకున్నారు, మధ్యలో మాటలు గుర్తు రాక ఆగి, మళ్లీ ఎత్తుకున్నారు. బస్టాండు ముందు బస్సులు ఆగిపోయాయి. గంగారత్నం హోటలు గుమ్మంలో నిలబడి చూసింది. దేవే ఆమెను చూసింది.

బాయిలర్ షెడ్డు వెనక గుంట తీసి, బుట్టలోంచి మంగల్ రాయి తీసి అడుగున పెట్టింది దేవే. "ఊసెవాడ తీస్కపోతనంటి. అబద్ధమాడిన," అంది అతనితో. "ఈడనే ఉండు. నేను గూడ ఈడనే ఉంట." పెద్ద రాయి లేచి నిలబడింది. దేవే దాన్ని కావలించుకుని ఏడ్చింది. చుట్టూ ఇంకా రాళ్లు లేస్తూనే ఉన్నాయి. సున్నపు గీతలు అడుగుల కింద చెరిగిపోయాయి. సాయంత్రానికి అది నిజంగా ఒక ఊరిలా కనిపించింది. ఇన్నేళ్లలో మొదటిసారి దేవేకి అది తన ఇల్లనిపించింది.

ఆ సంతోషానికి ఒక్క పూట ఆయుష్షు.

తెల్లారి జేసీబీ వచ్చింది, వెనక పోలీసు బండ్లు వచ్చాయి. సత్యమూర్తి వచ్చాడు, మట్టి ఎత్తిపోసే లారీలు అతనివే. రాజ్‌కుమార్ రాళ్ల మధ్య నడిచి, మంగల్ రాయి దగ్గర ఆగాడు. అడుగున మట్టి ఇంకా తడిగా ఉంది.

"ఇవి నిన్న పెట్టినవి," అన్నాడు.

"అవును సాబ్."

"ఇన్నేళ్లూ ఎందుకు పెట్టలేదు?"

"పోతమనుకున్నం."

"మరి వెళ్లండి," అన్నాడు అతను. కోపంగా అనలేదు. దారి చెబుతున్నట్టు అన్నాడు. తను ఏ జవాబిచ్చినా, దాన్ని తీసుకునే చోటు ఈ భూమ్మీద లేదని ఆమెకు అప్పుడు అర్థమైంది.

జనం చేతులు పట్టుకుని రాళ్ల చుట్టూ నిలబడ్డారు. లాఠీలు లేచాయి. ఊర్మిలను జడ పట్టి ఈడ్చారు. నినాదాలు, ఏడుపులు, ఇంజను రొద అన్నీ కలిసిపోయాయి. జేసీబీ పంటి కింద మంగల్ రాయి ఒరిగి, వేళ్లతో లేచిన చెట్టులా గాల్లోకి లేచింది.

సరిగ్గా అప్పుడు ఇర్మా గుడిసెలోంచి బయటికొచ్చాడు. రాళ్లు లాగడానికి రాని మనిషి, డోలు మోగినా తలెత్తని మనిషి. చేతిలో తన బుట్ట ఉంది. ఎవరినీ చూడకుండా నడిచి, మంగల్ రాయి లేచిన గుంటలోకి బుట్ట గుమ్మరించాడు. పెళ్లాం పొజ్జే రాయి, కొడుకుల రాళ్లు, పేరు పెట్టకముందే పోయిన మనవరాలి రాయి. తర్వాత గుంటలోకి దిగి వాటి మీద కూర్చున్నాడు.

"కోడలా," అని పిలిచాడు, "నీ మాటే కానియ్. ఇదే ఊరు."

జేసీబీ డ్రైవరు ఇంజను ఆపి కిందికి దిగిపోయాడు. తర్వాత పోలీసులు ముసలాయన్ని చేతులు, కాళ్లు పట్టి పైకెత్తి బండిలో పడేశారు. దేవేను అదే బండిలో ఎక్కించారు. ఠాణా గేటు దాటకముందే ఇర్మా తల దేవే ఒళ్లోకి వాలింది. నీళ్లు, నీళ్లని ఆమె అరిచింది. జీవితమంతా ఊరికి నీళ్లు మోసిన మనిషికి ఆ పూట ఒక్క గుక్క ఇచ్చినవాళ్లు లేరు.

ముసలాయనకు ముందే గుండె జబ్బుందని పోలీసులు రాసుకున్నారు. ఊర్మిలను, కొందరు హమాలీలను జైలుకు పంపారు, దేవేను వదిలేశారు. శవాన్ని ఆస్పత్రి నుంచి ఇచ్చేసరికి రెండో రోజు మధ్యాహ్నమైంది. మంచం మీద మోసుకుని మిల్లుకు తీసుకొస్తే మిల్లు లేదు. చుట్టూ నీలం రేకుల గోడ, దాని మీద ఆ మేడల బొమ్మ, బొమ్మలో పచ్చ గడ్డి. గుడిసెల సామాన్లు రోడ్డు పక్కన కుప్పపోసి ఉన్నాయి. శవాన్ని దింపడానికి చోటు లేక అందరూ హైవే అంచున మంచం మోస్తూ నిలబడ్డారు. భుజాలు మార్చుకుంటూ నిలబడ్డారు. ఊరి పెద్ద చచ్చిపోతే పాతడానికి మూరెడు నేల లేని ఊరు వాళ్లది. దేవేకి ఏడుపు కూడా రావడం మానేసింది.

"దేవే!"

గంగారత్నం. చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది, చీర కుచ్చెళ్లకు బురద అంటింది.

"నా మడే... నా నారుమడి పూడ్చేశారే!" ఆయాసంతో మాట అందడం లేదు. "మిల్లు మట్టంతా లారీల్లో తెచ్చి నా నారు మీద పోశారు. సత్యమూర్తిని అడిగితే పల్లపు జాగా, ఎక్కడో ఒకచోట పొయ్యాలి కదా అంటాడు. నీ మడికి ఢోకా లేదని ఆ నోటితోనే చెప్పాడే నాకు!"

దేవే అనాల్సిందంతా గంగారత్నం మొహంలోనే ఉంది.

"ఆ మట్టిలో మీ రాళ్లున్నాయి," అంది గంగారత్నం గొంతు తగ్గించి. "ఈయన్ని అక్కడికి తీసుకురండి."

మంచం కదిలింది. పట్నం చివర, లేత నారు మీద మిల్లు శకలాలు గుట్టగా పడి ఉన్నాయి. ఇటుకలు, బాయిలర్ మసి, తుప్పు, వాటి మధ్య సబరి రాళ్లు. దేవే చేతులతో మట్టి లాగింది. గంగారత్నం పక్కన కూర్చుని లాగింది. మంగల్ రాయి ఒక మూల విరిగింది. అయినా ఆ రాయే.

"తీస్కపోతం అమ్మా," అంది దేవే. "నీ నారు తేలుతది."

"ఎక్కడికి తీసుకుపోతావే?" గంగారత్నం అరిచింది. "తీసుకుపోడానికి నీకెక్కడుందే చోటు? ఇక్కడే నిలబెట్టు. ఈయన్నీ ఇక్కడే పెట్టు. సభలో నిన్ను నేనే గెంటాను, నా నోటితోనే. ఇప్పుడు పట్నం రమ్మను చూద్దాం. ఈ రాళ్లు దాటి రావాలి, నన్ను దాటి రావాలి."

మోకులు లేవు, దుంగలు లేవు, డోలు పోలీసుల దగ్గరే ఉండిపోయింది. ఉత్త చేతులతో లాగారు. పక్క మళ్ల రైతులు గట్ల మీద నిలబడి చూశారు. కాసేపటికి వాళ్లలో ఒకరు పలుగు పట్టుకుని దిగారు, తర్వాత ఇంకొకరు. ఇర్మాను పాతిపెట్టారు. అతని పక్కన మంగల్ రాయి నిలబెట్టారు.

హైవే మీద పోలీసు జీపు ఆగింది. హారన్ కొట్టింది. ఎవరూ కదలలేదు. ఇద్దరు పోలీసులు దిగి గట్టు మీదుగా నడిచి వస్తున్నారు.

దేవే చీర కొంగు నడుముకు చుట్టుకుని, పూడిన మట్టిలోంచి రెండో రాయి లాగడం మొదలుపెట్టింది. గంగారత్నం దాని ఇంకో కొస పట్టుకుంది.